పూలు పెట్టుకున్నా, పెట్టుకోకున్నా

“మా పాప మగపిల్లోడి మాదిరి. దేనికీ భయపడదు.” తిరుపతిలో, చిత్తూరులో తండ్రులు కూతుళ్ళ గురించి మురిసిపోతూ ఈ మాట అంటుంటారు. ప్రేమగానే అంటారు. పక్కన నిలబడి వింటున్న పన్నెండేళ్ళ పిల్లకు మాత్రం రెండు సంగతులు చేరతాయి. నాన్న నన్ను మెచ్చుకున్నాడు. ఆడపిల్లలంటే పిరికివాళ్ళు, కాబట్టి నేను వాళ్ళలో ఒకదాన్ని కాకూడదు. అదే ఇంట్లో తమ్ముడు ఏడిస్తే “ఏందిరా, ఆడపిల్ల మాదిరి!” అని గదమాయిస్తారు. మెప్పు ఎటువైపు ఉందో, చిన్నచూపు ఎటువైపు ఉందో ఆ పిల్లకు ఇక ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇంటర్‌లో చేరి హాస్టల్‌కు వెళ్ళేసరికి ఇది స్వభావంగా స్థిరపడుతుంది. గదిలో మిగతావాళ్ళు గోరింటాకు పెట్టుకుంటూ, చీరల గురించో సినిమాల గురించో మాట్లాడుకుంటుంటే “నేను వీళ్ళ మాదిరి కాదు” అనుకుంటుంది. ఆమెకు నిజంగానే అవి నచ్చకపోవచ్చు. వాలీబాలో, చదరంగమో, ఒక్కతే కూర్చుని పుస్తకం చదువుకోవడమో నచ్చవచ్చు. తోటివాళ్ళకు భిన్నంగా ఉండటం దిద్దుకోవాల్సిన లోపం కాదు. ఆ భేదాన్ని అడ్డం పెట్టుకుని తోటి ఆడపిల్లల్ని తక్కువగా చూడటం మాత్రం ఆమెనే దెబ్బతీస్తుంది. ముందు స్నేహితులు దూరమవుతారు. తర్వాత తనలోని కొంత భాగం తనకే పరాయిదవుతుంది. ఒకరోజు మల్లెపూలు పెట్టుకోవాలని మనసైనా పెట్టుకోలేదు. ఏడుపొస్తే బాత్రూంలోకి వెళ్ళి, వినబడకుండా కొళాయి తిప్పుతుంది.

ఆడతనం అంటే తక్కువ అనే ఈ లెక్కను తిరుపతి ఊరే ఏటా తలకిందులు చేస్తుంది. మే నెలలో గంగమ్మ జాతర జరిగే రోజుల్లో మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, పూలు ముడిచి, గాజులు తొడుక్కుని తాతయ్యగుంట గుడికి వస్తారు. అది ఎగతాళికి వేసే వేషం కాదు, మొక్కు. కొడుకు జబ్బు నయం కావాలనో, పెళ్ళి కుదరాలనో మొక్కుకుని ఆ రూపంలో అమ్మవారి ముందు నిలబడతారు. అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతరను ఏళ్ళ తరబడి చూసి, 2013లో ‘వెన్ ద వరల్డ్ బికమ్స్ ఫీమేల్’ అనే పుస్తకం తెచ్చారు. గంగమ్మ శక్తి ముందు మగవాడే రూపం మార్చుకోవాల్సి వస్తోందనీ, ఆడవాళ్ళకు ఆ అవసరం లేదనీ ఆమె అర్థం చేసుకున్నారు.

జాతర కథ ఇంకా లోతైనది. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు గంగమ్మ మీద కన్నేశాడు. ఆమె నిజరూపం చూసి హడలిపోయి దాక్కున్నాడు. గంగమ్మ రకరకాల వేషాల్లో వెతికి, చివరికి దొర వేషంలో వచ్చింది. దొర వచ్చాడనుకుని బయటపడ్డ పాలెగాడి తల తెగింది. ఆ తర్వాత మాతంగి వేషంలో వెళ్ళి, వాడి భార్యను ఓదార్చింది. దొరగా కత్తి దూసిందీ, మాతంగిగా కన్నీళ్ళు తుడిచిందీ ఒక్క గంగమ్మే. ధైర్యానికి ఒక మనిషి, జాలికి ఇంకో మనిషి కావాలని ఆ కథ అనుకోలేదు.

జాతరలో చీర కట్టి, ఇంటికి వెళ్ళి భార్య మీద చెయ్యెత్తేవాడు ఉండడని నేననను. వారం రోజుల పండుగ మనుషుల్ని పూర్తిగా మార్చదు. కానీ తను సిగ్గుపడుతున్న పూలూ గాజులూ సాక్షాత్తూ అమ్మవారి ముందు నిలబడే అర్హతగా తన ఊరు ఎంచుతోందని ఆడపిల్లకు తెలియాలి.

తరిగొండ వెంగమాంబ జీవితం ఇంకో వైపు నుంచి ఇదే చెబుతుంది. గుర్రంకొండ దగ్గరి తరిగొండలో, 18వ శతాబ్దంలో పుట్టింది. బాల్యంలోనే పెళ్ళి చేశారు, భర్త పోయాడు. పూలు తీసెయ్యి, బొట్టు చెరిపెయ్యి, తల గొరిగించుకో అన్నారు పెద్దలు. శ్రీవారే నా భర్త అంటూ ఆమె వాళ్ళ మాట ఒప్పుకోలేదు. తిరుమల చేరి, తుంబురు కోనలో తపస్సు చేసి, ‘వేంకటాచల మాహాత్మ్యం’, ద్విపద భాగవతం వంటి కావ్యాలు రాసి 1817లో కన్నుమూసింది. తిరుమలలో ఏకాంత సేవ వేళ ముత్యాల హారతి ఈనాటికీ ఆమె పేరనే సాగుతోంది. వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికీ ఆమె పేరే పెట్టారు. ఆమె తిరుగుబాటు పూలు తీయనని మొండికేయడం. ఈనాటి పిల్ల “నాకు జడ వద్దమ్మా” అని జుట్టు కత్తిరించుకుంటే అదీ అలాంటి ధైర్యమే. పూలకు పిరికితనమూ లేదు, పౌరుషమూ లేదు. వాటి సంగతి ఎవరు నిర్ణయించారన్నదే ముఖ్యం.

ఆడతనం తక్కువనే లెక్క చెల్లని చోటు తిరుపతిలో ఇంకొకటి ఉంది, 1983లో మొదలైన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. ఆడపిల్లలే చదువుకునే చోట ఉన్న మేలు ఏమిటంటే, నిచ్చెనెక్కి బ్యానర్ కట్టేదీ ఆడపిల్లే, మైకు సరిచేసేదీ ఆడపిల్లే, ముగ్గు వేసేదీ ఆడపిల్లే. అక్కడ “మగపిల్లోడి మాదిరి” అనే మెప్పుకు చోటే ఉండదు.

నీకూ ఆ హాస్టల్ పిల్లకున్నలాంటి ఆలోచనలుంటే ఒక అలవాటు చేసుకో తల్లీ. “నేను వాళ్ళ మాదిరి కాదు” అని మనసులో మెదిలినప్పుడల్లా ఆ వాక్యాన్ని వాళ్ళ ఊసు లేకుండా తిరిగి చెప్పుకో. “నాకు లెక్కలంటే ప్రాణం.” “నాకు హడావుడి పడదు.” వాళ్ళను తగ్గించకుండానే నీ మాట నిలబడుతుంది. తర్వాత, నువ్వు తేలిగ్గా తీసేసిన పిల్లతో ఒక పూట మాట్లాడు. రోజూ కాటుక దిద్దుకునే ఆ పిల్ల ఇంటి అప్పు గురించి నీకన్నా ఎక్కువ బరువు మోస్తుండవచ్చు. ఆడపిల్లగా ఉండటమే నీకు ఊపిరాడని బాధగా ఉంటే మాత్రం ఒంటరిగా మోయకు. నమ్మకమున్న టీచర్‌కో, మనస్తత్వ నిపుణులకో చెప్పు.

ఇక ఇంట్లో పెళ్ళి అనుకో, నీకు ఇష్టం లేని లంగావోణీ వేసుకోవాల్సిందేనని అమ్మ పట్టు. ముహూర్తం రోజు పొద్దున గొడవకు దిగకు. వారం ముందే, వంటింట్లో అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు కూర్చుని చెప్పు. ఏం వేసుకోవో కాదు, ఏం వేసుకుంటావో చెప్పి, ఆ బట్టలు చూపించు. అత్తయ్యలు, పిన్నులు ఏమంటారోనన్న భయం అమ్మదే ఎక్కువ. వాళ్ళకు జవాబు నేనే చెప్పుకుంటానని మాటివ్వు, ఆ రోజు ఆ మాట నిలబెట్టుకో.