ఒక వీడియో – పలు వేదికలు

నాటి పల్లెలలో ఒక వార్త అందరికిని తెలియవలెనన్నచో చాటింపు వేయించెడివారు. చాటింపువాడు ప్రతి వీధి మొగలో నిలిచి, డప్పు కొట్టి, అదే మాటను మరల మరల పలికెడివాడు. ఒక వీధిలో మాట తప్పినచో మరుసటి వీధిలో దిద్దుకొనెడివాడు. నేడు యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మొదలగునవి మన వీధులైనవి. ఒక వీడియోను వీటన్నింటను ఒకే గడియలో ప్రకటింపవచ్చును. ఒక తప్పును సైతము అంత వేగముగనే వ్యాపింపజేయవచ్చును. కావున ఈ పనికొక క్రమము అవసరమని తలంచి, విద్యార్థినీ విద్యార్థుల ముందును, కళాశాల కార్యవర్గము ముందును ఈ నాలుగు మాటలు ఉంచుచున్నాము.

మొదట మన బాలాపూర్‌నే తీసికొందము. ఇచ్చట గణేశ లడ్డూ వేలము 1994లో 450 రూపాయలతో ఆరంభమైనది. 2024లో అది 30 లక్షల 1 వేయి రూపాయలకు చేరినది. ఒకప్పుడు దగ్గర నిలిచినవారికే వినబడిన వేలంపాటను నేడు దూరదేశములందలి తెలుగువారును ఫోనులో చూడగలుగుచున్నారు. ఇక జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లి సంగతి మరింత విశేషము. అచ్చట శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అను యూట్యూబ్ ఛానెల్‌ను నెలకొల్పిరి. ఊరి మాటయే అందలి సంభాషణ. వ్యవసాయ కూలిగా జీవించిన గంగవ్వ ఆ వీడియోల ద్వారా తెలుగువారికి పరిచితురాలై, 2020లో బిగ్ బాస్ తెలుగు నాలుగవ విడతలో పాల్గొనెను. వీడియో ఒక చిన్న ఊరి గొంతును ఎంత దూరము చేర్చగలదో తెలియుటకు ఈ ఉదాహరణ చాలును.

అయితే వేదికలు మనకు అద్దె ఇండ్ల వంటివి. ఒకనాడు యువకులెల్లరు మెచ్చిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడినది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను నిషేధించినది. అందులోనే తమ కృషినంతయు దాచుకొనినవారికి ఆ చూపరులు ఒక్కమారుగా దూరమైరి. వెనువెంటనే జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశమున వెలసినవి. మూలప్రతులను తమ వద్ద భద్రపరచుకొనినవారు క్రొత్త ఇంటికి సామానుతో వెళ్ళగలిగిరి. తక్కినవారు వట్టి చేతులతో వెళ్ళవలసి వచ్చెను.

మా అనుభవమును కూడ దాపరికము లేక చెప్పెదము. ఒక పర్యాయము మా విద్యార్థులు ముషాయిరాను చిత్రించి, ఒకే రాత్రి మూడు వేదికలపై ప్రకటించిరి. ఒక వృద్ధకవి గజల్ క్రింద పొరపాటున మరొక కవి పేరు పడినది. మొదటి చోట వెంటనే దిద్దితిమి. రెండవ చోటి ఖాతా చదువు ముగించి వెళ్ళిన ఒక విద్యార్థి ఫోను నంబరుపై ఉండుటచే, అతనిని వెదకి పట్టి దిద్దుటకు పది దినములు పట్టినది. మూడవది వాట్సాప్, అప్పటికే చేతులు మారిపోయిన ప్రతులను వెనుకకు తెచ్చుట మా తరము కాలేదు. ఆ కవిగారు కోపింపలేదు. "గజల్ మిగిలినది బేటా, తఖల్లుస్ పోయినది" అని నవ్విరి. ఆ నవ్వు మాకు మందలింపుకన్న బరువుగా తోచినది.

ఈ అనుభవము నుండి మేము గ్రహించిన నియమములివి:

మొదటిది – మూలప్రతి. ఏ వేదిక ముద్రయు లేని పూర్తి వీడియోను మూడు ప్రతులుగా ఉంచవలెను. అందొకటి కళాశాల వెలుపల ఉండవలెను. వాట్సాప్‌లో సాధారణముగ పంపిన వీడియో కుదింపబడి స్పష్టత కోల్పోవును గనుక, దానిని మూలప్రతిగా ఎంచరాదు.

రెండవది – ఆకారము. దీర్ఘమైన వీడియోకు 16:9 అడ్డు కొలతయు, రీల్స్, షార్ట్స్ వంటి వానికి 9:16 నిలువు కొలతయు తగును. అడ్డుగా తీసిన దానిని నిలువుగా కత్తిరించినచో ప్రక్కనున్న వక్త తెరమీద కానరాడు. చిత్రించుటకు ముందే ఇది ఆలోచింపవలెను.

మూడవది – లిపి. ఉర్దూ కుడినుండి ఎడమకును, తెలుగు ఎడమనుండి కుడికిని సాగును. రెండింటిని ఒకే పంక్తిలో కూర్చినచో అంకెలు, విరామచిహ్నములు చోటు తప్పును. ఒక్కొక్క భాషకు ప్రత్యేక పంక్తి ఇచ్చి, ఆ భాష తెలిసినవారిచే చదివింపవలెను.

నాలుగవది – అనుమతి. తెరపై కనబడు వారి సమ్మతి తీసికొనవలెను. సినిమా పాటలను వెనుక సంగీతముగా వాడరాదు. యూట్యూబ్ నియమముల ప్రకారము 90 దినములలో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడినచో ఛానెల్‌నే తొలగింపవచ్చును.

ఐదవది – దస్త్రము. వీడియో పేరు, ప్రకటించిన తేది, వేదిక, లింకు, ప్రకటించినవారి పేరు, చూచి సరి అన్నవారి పేరు ఒక రిజిస్టరులో వ్రాయవలెను. తప్పు దొర్లినపుడు ఎచ్చటెచ్చట దిద్దవలెనో ఆ పుటయే చెప్పును.

కార్యవర్గమువారికి మా విన్నపము ఒక్కటి. విద్యార్థులు మూడేండ్లుండి వెళ్ళిపోవుదురు, కళాశాల నిలిచియుండును. కనుక ఖాతాలు కళాశాల ఈమెయిలుపైనను, కళాశాల నంబరుపైనను ఉండవలెను. పాస్‌వర్డులు ఒక అధ్యాపకుని బాధ్యతలో ఉండవలెను. ఏటేట పాత విద్యార్థుల నుండి క్రొత్తవారికి రిజిస్టరును, మూలప్రతులను అప్పగించు పద్ధతిని నెలకొల్పవలెను.

మిత్రులారా! ప్రకటించుట ఒక నిమిషపు పని; భద్రపరచుట ఏండ్ల తరబడి పని. రేపు ఏ వేదిక మూతపడినను, నేడు మన సభలో వినిపించిన గజల్ దాని కవి పేరుతో, మన పద్యము దాని పాఠము చెడక, రాబోవు విద్యార్థులకు అందవలెను. ఆ బాధ్యతను మనమందరము కలసి వహింతుము గాక!