రక్తపిపాసి కథలు – స్నేహం, పగ, ప్రేమ : ఒక పరిశీలన

"వాంపైర్" అనగానే మనలో చాలామందికి నల్లని అంగీ, కోరపళ్ళు, అర్ధరాత్రి గబ్బిలం గుర్తుకొస్తాయి. అదంతా పిల్లల్ని జడిపించే కాలక్షేపం, సాహిత్య విద్యార్థికి దానితో పనేమిటి అని అడిగేవారూ లేకపోలేదు. కాని ఆ కథలను వరసగా చదువుతూ పోతే వాటిలో రక్తం కంటే ఎక్కువగా కనిపించేవి మూడు: స్నేహం, పగ, లోకం ఒప్పుకోని ప్రేమ. యువపాఠకుల కోసం ఇటీవల వస్తున్న కథల్లో ఈ మూడూ పెనవేసుకొని ఉంటున్నాయి. పల్నాటివారమైన మనకు ఈ ముడి కొత్తది కాదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట మన ఇంటి సంగతి చూద్దాం. శాతవాహనుల ఆస్థానంలోని గుణాఢ్యుడు అడవిలో సిరా దొరక్క తన రక్తంతోనే బృహత్కథను పైశాచీ భాషలో రాశాడని ఐతిహ్యం. 11వ శతాబ్దంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఆ ఐతిహ్యమూ ఉంది, బేతాళ కథలూ ఉన్నాయి. శవంలో దూరి చెట్టుకు వేలాడే ఆ బేతాళుణ్ణి చందమామ చదివిన ప్రతివారూ ఎరుగుదురు. రిచర్డ్ బర్టన్ ఆ కథలను 1870లో ఇంగ్లీషులోకి తెస్తూ బేతాళుణ్ణి వాంపైర్ అన్నాడు. అయితే ఒక్క విషయం మరచిపోరాదు. భుజాన మోసిన రాజును చివరికి కపట భిక్షువు కత్తి నుంచి కాపాడింది ఆ బేతాళుడే. అంటే మన కథలో భయంతో మొదలైనది స్నేహంతో ముగిసింది.

ఐరోపాలో దారి వేరు. బైరన్ కవి దగ్గర వైద్యుడుగా ఉన్న పోలిడోరి రాయగా 1819లో అచ్చయిన "ది వాంపైర్" కథలో ఆబ్రీ అనే కుర్రవాడు తన స్నేహితునికి మాట ఇస్తాడు: నీ గుట్టు ఏడాది పైన ఒక్క రోజు వరకు ఎవరికీ చెప్పను అని. ఆ మాటకు కట్టుబడినందువల్ల సొంత చెల్లెలే ఆ రక్తపిపాసికి బలైపోతుంది. స్నేహం పేరుతో నోరు కట్టివేస్తే ఏమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పిన కథ అరుదు.

తరువాత చెప్పుకోవలసినది ఐరిష్ రచయిత లెఫాను రాసిన "కార్మిల్లా". ఇది 1871–72లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. స్టోకర్ డ్రాకులా (1897) కంటే పాతికేళ్ళు ముందుది. లారా అనే ఒంటరి పిల్ల ఇంటికి కార్మిల్లా అనే అమ్మాయి అతిథిగా వస్తుంది. వారి మధ్య పెరిగినది ఉత్త స్నేహం కాదు, ప్రేమే. లారాకు ఆమె మీద మోజూ ఉంది, ఏవగింపూ ఉంది. కూతురులా పెంచుకున్న పిల్లను కోల్పోయిన ఒక జనరల్ పగతో వచ్చి, సమాధిని వెతికిస్తాడు. కార్మిల్లా గుండెలో మేకు దించుతారు. కథ అయిపోయిందా అంటే, కాలేదు. లారా ఆ అడుగుల చప్పుడు తన తలుపు దగ్గర ఇంకా వింటున్నట్టే ఉంటుంది. స్త్రీని స్త్రీ ప్రేమించిందని మామూలు కథగా రాయడానికి వీలులేని రోజుల్లో దానికి దయ్యం వేషం వేయక తప్పలేదని నా అభిప్రాయం. కాని ఆ వేషం వల్ల ఒక నష్టమూ జరిగింది. అలాంటి ప్రేమ అంటేనే రాక్షసం అన్న ముద్ర పడిపోయింది.

ఆ ముద్రను చెరిపే ప్రయత్నమే ఈనాటి యువసాహిత్యంలో జరుగుతున్నది. వి. ఇ. శ్వాబ్ రాసిన "ఫస్ట్ కిల్" అనే కథ 2020లో వచ్చింది, 2022లో నెట్‌ఫ్లిక్స్ ధారావాహిక అయింది. అందులో జూలియెట్ రక్తపిపాసుల ఇంటి పిల్ల, కాలియొపీ వారిని వేటాడే ఇంటి పిల్ల. ఇద్దరినీ ఇంటివాళ్ళు "మొదటి చంపుడు" కోసం తయారు చేస్తుంటారు. ఆ ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి మనసవుతుంది. ఇక్కడ వారిద్దరూ ఆడపిల్లలు కావడం భయానికి కారణం కాదు. పెద్దలు చేతికందించిన పగే భయానికి కారణం.

స్వీడన్ రచయిత లిండ్‌క్విస్ట్ 2004లో రాసిన "లెట్ ద రైట్ వన్ ఇన్" నవలలో బడిలో రోజూ దెబ్బలు తినే ఆస్కర్ అనే పిల్లవాడికి పక్కవాటాలోకి వచ్చిన ఎలీ తోడవుతుంది. తాను ఆడపిల్లను కానని ఎలీ చెప్పినా ఆస్కర్ స్నేహం చెదరదు. చివరకు అతన్ని నీళ్ళలో ముంచి చంపబోయిన కుర్రవాళ్ళను ఎలీ చంపేస్తుంది. చదివేవాడికి హమ్మయ్య అనిపిస్తుంది. ఆ వెంటనే, ఈ స్నేహానికి ఇంకెంత రక్తం కావాలో అన్న దిగులూ పట్టుకుంటుంది. ఈ నవలలోనూ ఒక పాత నియమం ఉంది: లోపలికి రమ్మని పిలవనిదే రక్తపిపాసి గడప దాటరాదు. పిలవకుండా వచ్చిన ఎలీ ఒంటినిండా రక్తం కారుతుంది. మన ఊళ్ళలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. అక్కడా ఇక్కడా ప్రశ్న ఒకటే. గుమ్మం ముందు నిలబడినవారిని రమ్మనాలా, రేపు రమ్మనాలా?

ఇక మన పల్నాడు. గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య కోడిపోరుతో రగిలిన పగ, రాయబారానికి వచ్చిన అలరాజును చంపడంతో ఆరని మంటయింది. బాలచంద్రుడు వేరు వేరు కులాల తన సోదరులతో యుద్ధానికి బయలుదేరాడు. బ్రాహ్మణుడైన అనపోతును మాత్రం చావు తప్పించాలని ఏదో పని మిషతో వెనక్కి పంపాడు. సంగతి తెలిసి అనపోతు ప్రాణం తీసుకున్నాడు. ప్రేమతో చేసినదే అయినా, "నువ్వు మాలో వాడివి కావు" అన్నట్టు అతనికి వినపడిందేమో! నాగులేటి ఒడ్డున కత్తి తగలక ముందే ఒక ప్రాణం పోయింది.

ఈనాటికీ కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు కారెంపూడిలో తిరునాళ్ళు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. వీరుల ఆయుధాలనే వీరులుగా భావించి కొలుస్తారు. మన వీరులు రక్తపిపాసులు కారు, ఆ పోలిక తగదు. నేను చెప్పదలచినది వేరు. పోయినవారిని ఏటా పిలిచి కూర్చోబెట్టుకొనే ఊరు మనది. చాపకూటిలో అన్ని కులాలవారూ ఒక్క పంక్తిన కూర్చున్నారని గర్వంగా చెప్పుకొనే గడ్డ మనది.

అటువంటి మన హాస్టళ్ళలో, ఒక మగపిల్లవాడికి మగపిల్లవాడి మీద మనసున్నదని పొక్కితే ఏం జరుగుతుంది? ఎగతాళి, గోడమీద రాతలు, గది మార్పించడం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య అటువంటి ప్రేమ నేరం కాదన్నది. చట్టం మారింది గాని గది తలుపు మీద "రేపు రా" అన్న రాత చెరగలేదు.

కనుక ఇలాంటి కథ చేతికొచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోమని మిత్రులను కోరుతున్నాను. ఇందులో రాక్షసుడని ఎవరిని అంటున్నారు, ఎవరు అంటున్నారు? పగ ఎవరిది, దాన్ని మోస్తున్నది ఎవరు? స్నేహితుడు నోరు మూయిస్తున్నాడా, తలుపు తీస్తున్నాడా? జవాబు దొరికిన కథ, కోరపళ్ళున్నా సరే, మంచి సాహిత్యమే. పక్క మంచం మీది మిత్రుడు తన కథ చెప్పబోతే, విక్రమార్కుడిలా భుజాన వేసుకొని కడదాకా వినడం మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం.