చెట్టును చంపే మందును దేనిలో కలపాలి?



తొలకరికి ముందు మన డెల్టాలో గట్లు, దొడ్లు శుభ్రం చేసుకునే పని మొదలవుతుంది. కాలువ గట్టు మీద సర్కారు తుమ్మ, ఇంటి గోడ పగులులో రావి మొక్క ఎంత కొట్టినా మళ్ళీ పిలకలు వేస్తాయి. అప్పుడు గడ్డిమందు గుర్తుకు వస్తుంది. మందు గురించి జాగ్రత్తలు చెప్పేవారు ఉన్నారు గాని, దానిని ఏ ద్రవంలో కలుపుతున్నారని అడిగేవారు తక్కువ. చేతులు పొక్కి మా దగ్గరకు వచ్చినవారిని అడిగితే, "నీళ్ళలో కలిపితే పట్టదని డీజిల్‌లో కలిపామమ్మా" అంటారు. ఈ నెల పాఠం ఆ డీజిల్ గురించే.

ఈ తుమ్మ ఎక్కడిది?

సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలది. 1877 ప్రాంతంలో వంటచెరకు కోసం విత్తనాలు తెప్పించి మన కడప ప్రాంతంలో నాటారు. అక్కడి నుండి రాష్ట్రమంతా పాకింది. దాని పుప్పొడి కొందరికి ఆయాసం, తుమ్ములు తెస్తుంది. పిలకలు వేసే మొగ్గలు మొదట్లో, నేలకు కొంచెం లోపల దాగి ఉంటాయి. అందుకే పైన ఎంత నరికినా చావదు.

కలిపే ద్రవం పని ఏమిటి?

మందు ఒక్కటే చెట్టులోకి వెళ్ళలేదు. దానిని మోసుకుపోయే ద్రవం కావాలి. అది నీరు కావచ్చు, నూనె కావచ్చు. నిలబడి ఉన్న చెట్టు బెరడు నీటిని లోపలికి రానివ్వదు, నూనెను రానిస్తుంది. అందుకే ఆస్ట్రేలియా వంటి దేశాలలో ఇదే జాతి తుమ్మ మొదళ్ళకు, నూనెలో కరిగే ప్రత్యేకమైన మందును డీజిల్‌లో కలిపి పూస్తారు. అది శిక్షణ పొంది, రక్షణ దుస్తులు వేసుకున్నవారు చేసే పని.

ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోండి. బెరడులోంచి దూరగలిగిన నూనె మన చర్మంలోంచి కూడా దూరుతుంది, మందును వెంట తీసుకుని మరీ దూరుతుంది. నీళ్ళ మందు చేతిమీద పడితే కడిగేయగలం. డీజిల్ మందు చర్మంలోని సహజమైన జిడ్డును తీసేసి లోపలికి ఇంకుతుంది.

చెట్టును నరికి, ఆ పచ్చి కోత మీద పూస్తే బెరడు అడ్డే ఉండదు. అప్పుడు నూనెతో పని లేదు, నీరు చాలు.

వాడకూడనివి

1. డీజిల్, కిరోసిన్: చర్మం మండి పొక్కుతుంది, నిప్పు ప్రమాదం కూడా ఉంది. గ్లైఫోసేట్ వంటి నీళ్ళ మందు వీటిలో కలవదు, విడిపోతుంది. డబ్బూ వృథా, ఒళ్ళూ చెడుతుంది.

2. వాడేసిన ఇంజన్ ఆయిల్: మెకానిక్ షెడ్డులో ఊరికే ఇస్తారని తెచ్చుకుంటారు. అందులో లోహాల మడ్డి, క్యాన్సర్ కలిగించే మసి పదార్థాలు ఉంటాయి.

3. బాత్‌రూమ్ యాసిడ్: రావి మొక్కకు పోస్తారు. వేరు చావదు, గోడ సున్నం తినేస్తుంది, ఆవిరికి ఊపిరి ఆడదు.

4. బురద నీరు: గ్లైఫోసేట్‌ను మట్టి పట్టేసుకుంటుంది. కాలువ ఎర్రనీళ్ళలో కలిపి, పని చేయలేదని చాలామంది డీజిల్ వైపు వెళతారు. తప్పు నీటిది కాదు, బురదది. తేటనీరు వాడండి.

మన ఊళ్ళ మంచినీటి చెరువులు చాలావరకు కృష్ణా కాలువల నీటితోనే నిండుతాయి. గట్టు మీద పోసిన నూనె, మందు మొదటి వానకే కాలువలోకి, అక్కడి నుండి బిందెలోకి, చేపల చెరువులోకి చేరతాయి. కాబట్టి నీటి అంచున ఏ మందూ వద్దు.

మేలైన పద్ధతి

మొదటి మార్గం గునపమే. మన నల్లరేగడి ఎండాకాలంలో రాయిలా ఉంటుంది. రెండు వానలు పడ్డాక మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, మొగ్గలున్న దుంపతో సహా తీసేయండి. గోడలోని రావి మొక్కను చిన్నప్పుడే వేరుతో లాగేయండి. ముదిరితే తాపీమేస్త్రీతో ఇటుక తీయించి వేరు తీయించండి. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోండి.

తవ్వలేని చోట:

- నేలకు దగ్గరగా నరికి, వెంటనే, కోత ఆరకముందే పూయండి.
- స్ప్రేయర్ వద్దు, కుంచెతో పూయండి. గాలికి లేచిన తుంపర పక్క చేలో మిర్చి, పత్తి, మినుమును కాల్చేస్తుంది.
- కోత అంతటా అక్కర్లేదు. బెరడును ఆనుకుని ఉన్న పచ్చి వలయానికి పూస్తే చాలు.
- రబ్బరు చేతితొడుగులు, బూట్లు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.
- ఆ బట్టలు ఇంట్లో ఆడవారు ఉతికేటప్పుడు విడిగా ఉతకాలి.
- మందు, నూనె పట్టిన కట్టెను పొయ్యిలో పెట్టవద్దు.

ఏ మందు, ఎంత మోతాదు అన్నది సీసా మీది కాగితం చెప్పాలి, దుకాణం వారి నోటిమాట కాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పటి నియమం ఏమిటో కొనేముందు వ్యవసాయాధికారిని అడగండి. కాలువ గట్టు మీది చెట్టయితే ఇరిగేషన్ వారిని అడగాలి. సొంత స్థలంలోని చెట్టుకైనా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలేమో కనుక్కోండి.

ప్రమాదం జరిగితే

- ఒంటిమీద పడితే తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కంట్లో పడితే ధారగా నీళ్ళు పోస్తూ అంతసేపూ కడగండి.
- మింగితే వాంతి చేయించవద్దు. డీజిల్, కిరోసిన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తాయి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, పాలు పట్టవద్దు. తానే వాంతి చేసుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
- 108కి ఫోన్ చేయండి. మందు సీసా వెంట తీసుకురండి, దేనిలో కలిపారో కూడా చెప్పండి. డాక్టరుకు రెండూ కావాలి.
- పారాక్వాట్ అనే గడ్డిమందుకు విరుగుడు లేదు. ఒక గుక్క చాలు ప్రాణం తీయడానికి. మొదటి రోజు మనిషి బాగానే కనిపించవచ్చు, తరువాత ఊపిరితిత్తులు చెడిపోతాయి. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచవద్దు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మిగిలిన మందును కూల్ డ్రింకు సీసాలో పోసి కిటికీలో పెట్టడం. పిల్లలకు అది మందని ఎలా తెలుస్తుంది? మందు ఎప్పుడూ దాని సొంత డబ్బాలోనే, తాళం వేసి ఉండాలి. డబ్బా మీది రంగు గుర్తులో ఎరుపు అత్యంత విషం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా తాగే వస్తువు కాదు.

ఇంట్లో మాట్లాడుకోండి

1. మన ఇంట్లో గడ్డిమందు, డీజిల్, యాసిడ్ ఎక్కడ ఉన్నాయి? పిల్లల చేతికి అందుతాయా?
2. మనం తీయాలనుకున్న చెట్టును తవ్వి తీయగలమా?
3. మన తాగునీరు ఏ కాలువ నుండి వస్తోంది? దాని గట్టు మీద ఎవరైనా మందు పోస్తున్నారా?

కూలికి వెళ్ళి ఈ పని చేసే అన్నదమ్ములు మీ ఇళ్ళలో ఉంటే ఈ పాఠం చదివి వినిపించండి. చేతితొడుగులు అడగడం వారి హక్కు, ఇవ్వడం పని చేయించుకునేవారి బాధ్యత.

– నర్సింగ్ సూపరింటెండెంట్