నోరు తెరచిన గూడబాతు పిల్ల

చదువవలసిన భాగములు: కీర్తన 147:9, లూకా 11:5–13



శ్రీకాకుళము జిల్లా టెక్కలి మండలములో తేలినీలాపురమను గ్రామమున్నది. ఏటేట సెప్టెంబరు, అక్టోబరు మాసములలో గూడబాతులును రంగుల కొంగలును గుంపులుగా అక్కడికి వచ్చును. ఇండ్ల చేరువనున్న చింత మొదలగు చెట్లపై గూళ్లు కట్టుకొని, పిల్లలను పెంచుకొని, మార్చి, ఏప్రిలు నాటికి వెళ్లిపోవును. గ్రామస్థులు వాటిని మేలు తెచ్చు అతిథులుగా నెంచి, హాని చేయక కాపాడుచున్నారు. ఇవి సైబీరియానుండి వచ్చునని జనుల వాడుక. అయితే ఈ గూడబాతు జాతి మన దేశములోను, శ్రీలంకలోను, కంబోడియాలోను పిల్లలను చేయునదే. కనుక ఇవి మనకు పరదేశులు కావు, ఇరుగుపొరుగువారే.

గూడబాతును చూచినవారికి నవ్వు రాక మానదు. పొట్టి కాళ్లు, 4 నుండి 6 కిలోల బరువుగల దేహము, జానెడుకంటె పొడవైన ముక్కు, దాని క్రింద వ్రేలాడు తోలు సంచి. ఆ సంచి చేపలను దాచుకొను బుట్టయని కొందరనుకొందురు. నిజమునకది చేతివల వంటిది. పక్షి నీటిలో ముక్కు ముంచి, చేపతోకూడ నీటిని తోడి, నీరు కార్చివేసి, చేపను మ్రింగును. మన తెలుగు బైబిలులో 102వ కీర్తన వ్రాసిన భక్తుడు తన దుఃఖములో తన్ను పోల్చుకొన్నది ఈ పేరుగల పక్షితోనే.

తల్లి సాధారణముగా 3 గ్రుడ్లు పెట్టును. తల్లియు తండ్రియు వంతులవారీగా పొదుగగా, సుమారు 30 దినములకు పిల్లలు బయటికి వచ్చును. మొదటి దినములలో పెద్ద పక్షులు తమ కడుపులో కరగిన మేతను కక్కి పిల్లలకు పెట్టును. పిల్లలు కొంత ఎదిగిన తరువాత పద్ధతి మారును. పిల్ల తన తలనంతయు తల్లి నోటిలో దూర్చి, గొంతులోనికి చొరబడి, అక్కడి చేపను తానే తీసికొని తినును. దూరమునుండి చూచువారికి తల్లి పిల్లను మ్రింగుచున్నదో, పిల్ల తల్లిని మ్రింగుచున్నదో తెలియదు!

ఇంకొక వింతయున్నది. గూడబాతు పిల్లలు మేతకు ముందుగాని, మేత తిన్న వెంటనేగాని, బిగ్గరగా అరచుచు, ఒక రెక్కను ఒక కాలిని ఈడ్చుకొనుచు గిరగిర తిరిగి, తల కొట్టుకొనును. ఒక్కొక్కసారి మూర్ఛవచ్చినట్లు పడిపోయి, కొంత సేపటికి లేచును. సంతలో జీళ్లు కొనిపెట్టలేదని దుమ్ములో పొర్లు పిల్లవానిని మీరు చూచియుందురు గదా! తోడి పిల్లలకంటె ముందుగా తనవైపు చూడవలెనని పిల్ల ఇట్లు చేయునని అనేకుల తలంపు.

ఈ అరపు వినసొంపైనది కాదు. ఆ అడుగుటలో మర్యాదయు లేదు. అయినను తల్లిదండ్రులు అలసట నెంచక మరల మరల చెరువులకు పోయి వచ్చుచునే యుందురు. అర్ధరాత్రి స్నేహితుని తలుపు తట్టి రొట్టెలడిగిన మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము ఇక్కడ జ్ఞాపకమునకు వచ్చును. మనలో కొందరు ప్రార్థించుటకు సిగ్గుపడుదురు. మాటలు కుదరవని, చదువు రాదని వెనుదీయుదురు. పిల్ల అరపులోని రాగమును తల్లి చూడదు, ఆకలిని చూచును.

పూర్వము యూరోపు దేశములలో గూడబాతు తన రొమ్ము చీల్చుకొని రక్తముతో పిల్లలను పోషించునని చెప్పుకొనిరి. దానిని క్రీస్తు త్యాగమునకు గురుతుగా దేవాలయములలో చెక్కిరి. ఆ పక్షి ముక్కును రొమ్మునకు ఆనించుకొనుట చూచి అట్లు తలచిరి కాబోలు. అది నిజము కాదు. దాని అవసరమును లేదు. తన గొంతునే పిల్లకు గిన్నెగా ఇచ్చు తల్లిని చూచుట చాలును.

అయితే ఇంకొక మాట వినవలెను. 2021 డిసెంబరునుండి 2022 జనవరి వరకు ఆ తేలినీలాపురములోనే ఎదిగిన గూడబాతులు నూటికి పైగా చనిపోయినవి. కళేబరములను పరీక్షింపగా లోపల నులిపురుగులు కనబడెను. తిన్న చేపలద్వారా అవి సోకెనని అధికారులు భావించిరి. పెద్ద పక్షి రాలిపోయినచో, గూటిలోని పిల్ల ఎంత అరచినను దాని నోటికి చేప రాదు.

పక్షి పిల్లల మొఱ్ఱను దేవుడు ఆలకించునని కీర్తనకారుడు చెప్పుచున్నాడు. ఆ మేత ఆకాశమునుండి రాలదు. చెరువు, చేప, చెట్టు, తల్లిదండ్రుల రెక్కలు, చెట్టు నరకని గ్రామము, వీటన్నిటిగుండ అది వచ్చును. ఈ వరుసలో మన చేతులును ఉన్నవి. చెరువులో చెత్త వేసిన చేయి ఆ వరుసను తెంపును. పొరుగింటి బిడ్డ ఆకలితో ఏడ్చుచుండగా అది అల్లరియని తలుపు మూసికొన్న చేయియు అట్టిదే. అడుగుట మనము పిల్లనుండి నేర్చుకొందము, వినుట తల్లినుండి నేర్చుకొందము.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు:

1. ప్రార్థించుటకు నన్ను వెనుకకు లాగు సిగ్గు ఏది?

2. మా వీధిలో ఎవరి మొఱ్ఱను నేను అల్లరియని త్రోసివేసితిని?

3. మా ఊరి చెరువును, పక్షులు వ్రాలు చెట్లను కాపాడుటకు మన సంఘము ఈ నెల ఏమి చేయగలదు?