పరిచయానికి ముందు ఒక ఉత్తరం

కొరియాలో ‘ట్రాన్సిట్ లవ్’ అనే రియాలిటీ షో ఉంది. 2021లో టీవింగ్ అనే ఓటీటీలో మొదలైంది. విడిపోయిన జంటలు కొన్ని వచ్చి ఒకే ఇంట్లో దిగుతాయి. ఎవరి ఎక్స్ ఎవరో చెప్పమనేదాకా చెప్పకూడదు. పాత బంధాన్ని మళ్లీ కలుపుకోవచ్చు, కొత్త తోడు వెతుక్కోవచ్చు. ఒకప్పుడు తనదైన మనిషి ఎదురుగా కూర్చుని మరొకరితో నవ్వుతుంటే, ఏమీ ఎరగనట్టు భోజనం చేయాలి. రాత్రయితే మనసుకు నచ్చినవాళ్లకు మెసేజ్ పంపాలి. ఎక్స్ తమను ఎంచుకోలేదన్న సంగతి కూడా ఆ ఫోన్‌లోనే తెలుస్తుంది.

ఆ షోలో నన్ను కట్టిపడేసింది ఉత్తరాల ఘట్టం. వచ్చినవాళ్లను మిగతావారికి పరిచయం చేస్తూ ఉత్తరం రాసేది వాళ్ల ఎక్సే. తనకు దూరమైన మనిషి గురించి, రేపు ఆ మనిషిని ఇష్టపడబోయేవాళ్లు వింటారని తెలిసి కూడా మంచిమాట రాయాలి. అలా రాయాలంటే ఎంత నిబ్బరం కావాలి! కోపం కొంతైనా చల్లారాలి. జరిగినదాంట్లో తన వాటా ఎంతో తెలియాలి.

బ్రిటన్ రియాలిటీ షో ‘లవ్ ఐలాండ్’లో దీనికి పూర్తిగా భిన్నమైనది జరిగింది. 2018 సీజన్‌లో డానీ డయర్, జాక్ ఫించమ్ జంటగా ఉన్నారు. కొన్నాళ్లు అబ్బాయిలను, అమ్మాయిలను వేరువేరు ఇళ్లలో ఉంచే ‘కాసా అమోర్’ ఘట్టంలో జాక్ ఉన్న ఇంటికి అతని ఎక్స్‌ను పంపారు. ఆమెను చూసి జాక్ తెల్లబోయిన ముక్క మాత్రం డానీకి తెర మీద చూపించారు. అతని మనసు డానీ మీదే ఉందన్న సంగతి ఆ ముక్కలో లేదు. డానీ ఏడ్చేసింది. ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 2,500కు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. విచారణ మాత్రం జరగలేదు. ఆ సీజన్ గెలిచింది ఆ జంటే, మరుసటి ఏడాది విడిపోయారు కూడా.

ఇలాంటి షోలకు ఆశ్చర్యమే పెట్టుబడి. ముందుగా చెప్పేస్తే ఆ కన్నీళ్లు రావు, ఆ ఎపిసోడ్ ఉండదు. మన జీవితాలకు ఆ అవసరం లేదు. అయినా ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లు, ఒకే స్నేహితుల గుంపులో తిరిగేవాళ్లు ఏదో పెళ్లి రిసెప్షన్‌లో కొత్త మనిషిని హఠాత్తుగా ఎక్స్ ముందు నిలబెడుతుంటారు. నోటితో చెప్పడానికి బిడియపడతారు. కొందరికైతే ‘నువ్వు లేకపోయినా నేను బాగున్నాను’ అని చూపించాలన్న పంతం. అలాంటప్పుడు పక్కన నిలబడ్డ మనిషిని ప్రేమించడం లేదు, వాడుకుంటున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ముందు రోజైనా ఒక ఫోన్ చేయండి. ‘రేపు ఫంక్షన్‌కి తనతో వస్తున్నాను, నీకు ముందే తెలియాలని చెప్తున్నాను’ అంటే చాలు. అనుమతి అడగక్కర్లేదు, సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. అవతలివాళ్లకు ఏడవాలనిపిస్తే నలుగురి మధ్య కాకుండా తమ గదిలో ఏడ్చుకునే వీలు దొరుకుతుంది. పిల్లలున్నచోట ఇది మరీ ముఖ్యం. అమ్మ జీవితంలోకో నాన్న జీవితంలోకో వచ్చిన కొత్త మనిషి సంగతి రెండోవారికి పిల్లల నోట తెలియకూడదు. ఆ బరువు చిన్న భుజాల మీద పెట్టడం అన్యాయం.

ఆ ఫోన్ చేసే ముందు కొరియావాళ్ల ఉత్తరం మీరూ రాసి చూడండి. ఎవరికీ పంపక్కర్లేదు. మీ ఎక్స్‌ను కొత్తవాళ్లకు పరిచయం చేస్తున్నట్టు ఒక పేజీ. రెండు వాక్యాలు దాటగానే ఫిర్యాదుల్లోకి జారిపోతుంటే, పరిచయాన్ని కొన్నాళ్లు వాయిదా వేయండి. పేజీ సాఫీగా నిండితే, అప్పుడు మీ కొత్త తోడును అడగండి, తనకు కలవాలని ఉందో లేదో. ‘లేదు’ అంటే ఎందుకని నిలదీయకుండా ఫంక్షన్‌కి ఒక్కరే వెళ్లిరండి.