వెబ్‌పేజీలో తెలుగు: ఫాంటు ఎంచుకోవడం ఎలా?

పిల్లలూ! వెబ్‌పేజీ తయారుచేద్దామని డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఫాంట్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. 'జార్జియా' అని నొక్కుతాం. ఇంగ్లీషు మారుతుంది, తెలుగు మాత్రం మారదు. జార్జియాలో తెలుగు అక్షరాలే లేవు మరి! అలాంటప్పుడు బ్రౌజరు ఆ కంప్యూటరులో ఉన్న ఏదో ఒక తెలుగు ఫాంటును అరువు తెచ్చుకుంటుంది. మన ఇంట్లో ఒకలా కనిపించిన పేజీ విజయవాడలో తాతయ్య ఫోనులో మరోలా కనిపించేది అందుకే.

మీ అమ్మానాన్నలను అడగండి, ఇంతకంటే పెద్ద తంటాలు చెబుతారు. 1990ల చివరలో చాలా తెలుగు పత్రికల సైట్లకు ఎవరి ఫాంటు వారిదే. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు ముక్కలు ఇరికించేవారు. ఆ ఫాంటు దించుకోకపోతే తెర నిండా పిచ్చిగీతలే. యూనికోడ్‌లో ఆ బాధ లేదు. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది, 'క'ది 3093. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది.

అయితే తెలుగు ఫాంటు దొరికితే చాలదు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి ఆ వత్తుకు తోడు మరో వత్తు! ఇంగ్లీషు కొలతలతో వరుసలు పేరిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. బటను అంచు వత్తును కోసేస్తుంది. పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ చదివేస్తారు. కూడబలుక్కుని చదివే ఒకటో తరగతి పాపకు మాత్రం 'అక్క' 'అక' అవుతుంది, 'గడ్డి' 'గడి' అవుతుంది. అందుకని మేము వరుసల మధ్య దూరం అక్షరం కొలతకు 1.7 రెట్లకు తగ్గనివ్వం.

ఫాంటును పరీక్షించడానికి 'రాష్ట్రం', 'జ్యోత్స్న', 'కథ' అని రాసి చూస్తాం. వత్తులు విడిపోయి 'రాష్‌ట్‌రం' అని వస్తే ఫాంటును తిట్టకండి. ఫొటోషాప్ పాత వెర్షన్ల వంటి వాటిలో భారతీయ లిపుల అమరికను సెట్టింగులలో ఎంచుకోవాలి.

సిలికానాంధ్ర అందించిన రామభద్ర, మండలి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర శీర్షికకు నిండుగా ఉంటుంది. దానితో పాఠమంతా రాస్తే 'థ'లో చుక్క పూడుకుపోయి 'ధ'లా కనిపిస్తుంది. పాఠానికి మండలి హాయి. కానీ దానిలో ఒకే మందం ఉంది. బోల్డ్ చేస్తే బ్రౌజరు బలవంతంగా లావు చేసి అలికేస్తుంది. బోల్డ్ తప్పదనుకుంటే నోటో సాన్స్ తెలుగు మేలు, అందులో సన్నం నుంచి లావు వరకు విడివిడిగా గీసిన అక్షరాలున్నాయి. ఇక తెలుగును ఇటాలిక్‌లో పక్కకు వాల్చడం మాకు అస్సలు నచ్చదు!

ఇవన్నీ ఎందుకని తెలుగును బొమ్మగా మార్చి అతికించేవారూ ఉన్నారు. బొమ్మలో మాటలు వెతికితే దొరకవు. అమ్మమ్మ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకుందామన్నా అవి పెరగవు.

సెలవుల్లో చేయవలసిన పని: మీ పేజీని కనీసం మూడు వేర్వేరు ఫోన్లలో తెరిచి, ఎక్కడ ఏ వత్తు తెగిందో నోటుబుక్కులో రాసుకుని రండి.