ముందు పెరగనివ్వు, తర్వాత మలుచుకుందువు

రాజమహేంద్రవరం

చిరంజీవి చిన్నాకు,

నువ్వు పంపిన ఫొటో చూశాను. జానెడు ఫైకస్ మొక్క, దానికి రెండంగుళాల లోతు కూడా లేని నీలం కుండీ. “ఇది ముసలి చెట్టులా కనిపించాలంటే ఎన్నాళ్లు పడుతుంది పెద్దమ్మా?” అని అడిగావు. ఆ కుండీలోనే ఉంచితే ఎన్నేళ్లయినా దాని మొదలు పుల్లలాగే ఉంటుంది నాన్నా. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే మనసొప్పక ఉత్తరం రాస్తున్నాను.

బోన్సాయ్ అంటే చెట్టును ఎదగకుండా ఆపడమే అనుకుంటారు చాలామంది. లేత మొక్కకు కావలసింది అందుకు పూర్తిగా తలకిందులు. ఆకులు తయారుచేసిన ఆహారంతోనే కాండం ఏటేటా లావెక్కుతుంది. వేళ్లకు చోటు లేకపోతే ఆకు రాదు, ఆకు లేకపోతే మొదలు బలవదు. ఇంత లేత మొక్కను లోతులేని కుండీలో పెట్టడం అన్నప్రాశన కాని బిడ్డకు పంచె కట్టడమే. అది చివర్లో చేయాల్సిన ముచ్చట. ఇప్పటికి దానికి పది పన్నెండు అంగుళాల మామూలు కుండీ ఇవ్వు. కింది కొమ్మల్లో ఒకదాన్ని కత్తెర తగలకుండా వదిలెయ్. అది మనిషెత్తు సాగినా కంగారుపడకు. తన కిందున్న కాండాన్ని లావు చేయడమే దాని పని. ఆ పని కాగానే దాన్ని తీసేద్దాం.

వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరేటమ్‌లో ఒక జపాన్ పైన్ చెట్టుంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945లో హిరోషిమా మీద బాంబు పడినప్పుడు, అది పడిన చోటికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో, యమాకి అనే కుటుంబం ఇంటి పెరటి గోడ చాటున ఉండి బతికింది. ఆ కుటుంబం దాన్ని 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. తరతరాల చేతులు పడితే ఆ చెట్టు అలా తయారైంది. నీ మొక్కకు నాలుగైదేళ్లు ఎదిగే వ్యవధి ఇవ్వడం అంత పెద్ద సంగతేమీ కాదు.

ఇంకో మొక్క కొనేటప్పుడు ఇంటికి రా, కడియపులంక నర్సరీలకు కలిసి వెళ్దాం. ముందు ఆకుల నిగారింపు చూడకు. కుండీలో పైమట్టిని వేలితో మెల్లగా పక్కకు తొయ్యి. కాండం మట్టిలోకి దిగేచోట వేళ్లు నాలుగు వైపులా పరుచుకుని కనిపిస్తే ఆ మొక్క తీసుకో. ఒకే పక్కన ఉంటే, లేదా కాండాన్ని ఉరిలా చుట్టుకుని ఉంటే వదిలెయ్. కొమ్మ పోతే ఇంకో కొమ్మ వస్తుంది, వేళ్ల వంకర దిద్దాలంటే ఏళ్లు పడుతుంది. ఫైకస్, జువ్వి, చింత, సీమచింత, బోగన్‌విల్లా మన ఎండలకు తట్టుకుంటాయి. మేపుల్ లాంటి వాటికి చలికాలపు నిద్ర కావాలి, మన మైదానాల్లో అది దొరకదు. బోన్సాయ్ విత్తనాలని అమ్మేవాటికి డబ్బు పోయకు, అలాంటి విత్తనజాతే లేదు. మామూలు చెట్టునే మనం బోన్సాయ్‌గా మలుచుకుంటాం.

మట్టి దగ్గర అశ్రద్ధ చేయకు. ఉత్త తోటమట్టి వేస్తే వానలకు ముద్దకట్టి వేళ్లు కుళ్లిపోతాయి. ఇటుకను మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ముక్కలుగా కొట్టి, జల్లించి, దుమ్మంతా పారెయ్యి. ఆ ముక్కలు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలుపు. గడియారం చూసి నీళ్లు పోయకు. వేలు ఒక అంగుళం లోపలికి దించి చూడు. తడి తగిలితే ఆగు, పొడిగా ఉంటే కింది కన్నంలోంచి కారేదాకా పొయ్యి. ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలా చూసుకోవాల్సిందే. మొక్క చోటు బాల్కనీలోనే, ఏసీ గదిలో కాదు. రోజుకు నాలుగైదు గంటలైనా ఎండ తగలాలి.

కొమ్మలు వంచడానికి తీగ చుట్టాలని నీకు తహతహగా ఉంటుందని తెలుసు. ఈ ఏడాదికి ఆగు. వచ్చే ఏడు లేత కొమ్మకు, దాని మందంలో మూడోవంతున్న అల్యూమినియం తీగను ఏటవాలుగా చుడదాం. వానాకాలంలో ఫైకస్ కొమ్మ తొందరగా ఊరుతుంది, తీగ బెరడులోకి దిగిపోతుంది. వారానికోసారి చూస్తూ, బిగుస్తుందనగానే ముక్కలుగా కత్తిరించి తీసేయాలి. తీగను వెనక్కి తిప్పి లాగితే కొమ్మ విరుగుతుంది.

జూన్‌లో తొలకరి పడ్డాక నువ్వు చేయాల్సింది ఒక్కటే. మొక్కను నీలం కుండీలోంచి తీసి పెద్ద కుండీలోకి మార్చు. చుట్టుకుపోయిన వేళ్లను విడదీసి, నిలువుగా కిందికి దిగిన లావు వేరును పొట్టిగా కత్తిరించు. మొత్తం వేళ్లలో మూడోవంతుకు మించి తీయకు. తెగినచోట పాలు కారతాయి, భయపడకు, అవే గడ్డకట్టి ఆగిపోతాయి. రెండు వారాలు నీడపట్టున ఉంచి, మెల్లగా ఎండకు అలవాటు చెయ్యి. నెల దాటాకే ఎరువు. నీలం కుండీని కడిగి అటక మీద పెట్టు, పారేయకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు నాలుగు వైపులనుంచీ ఫొటోలు తీసుకురా. ఏ కొమ్మ ఉంచాలో, ఏది తీయాలో కూర్చుని తేలుద్దాం.

వేళకు తిను. అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ